లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ వరుసగా రెండుసార్లు గెలిచారు కదా, బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్‌ని ఇంకా అదృష్టం అంటారేమిటి?

అదృష్టమే అంటాను. సీజన్ అయ్యాక అక్టోబర్‌లో కప్పు కోసం జరిగే దాంట్లో (ప్లేఆఫ్స్ అంటారు) ముప్పావు వంతు అదృష్టం, మిగిలిన పావు నైపుణ్యం. ఈ మాటకి డాడ్జర్స్ అభిమానులు నా మీద విరుచుకుపడతారని తెలుసు. 1998, 1999, 2000లలో న్యూయార్క్ యాంకీస్ వరుసగా గెలిచాక మళ్ళీ 2025 దాకా ఏ జట్టూ కిందటేడు కప్పుని నిలబెట్టుకోలేకపోయింది. కాబట్టి వీళ్ళు చేసింది చిన్న పనేం కాదు, ఒప్పుకుంటాను. డాడ్జర్స్ సంగతి చివర్లో చెబుతాను. ముందు నేను దగ్గరుండి చూసిన జట్టు గురించి చెప్పనివ్వండి, ఎందుకంటే నా అభిప్రాయం మొత్తం అక్కడే పుట్టింది.

2011లో నా ఉద్యోగం సెయింట్ లూయిస్‌లో. మా కింది వాటాలో రిటైరైన పెద్దాయన ఒకరు ఉండేవారు. నాకు బేస్‌బాల్ నేర్పింది ఆయనే. టీవీలో ఆట వస్తుంటే పక్కన స్కోర్‌బుక్ పెట్టుకుని ప్రతి బంతీ పెన్సిల్‌తో రాసుకునే మనిషి. ఆయన ముందు అదృష్టం అన్న మాట ఎత్తకూడదు. ఎత్తితే, ఆ పూటకి ఇంక నాతో మాటల్లేవు.

ఆ ఏడాది ఆగస్టు చివర్లో మా ఊరి జట్టు కార్డినల్స్ వైల్డ్ కార్డ్ రేసులో (డివిజన్, అంటే తమ గుంపు, గెలవని జట్టుకి ప్లేఆఫ్స్‌లో ఇచ్చే చోటు కోసం) అట్లాంటా బ్రేవ్స్ కంటే పదిన్నర గేములు వెనకబడి ఉన్నారు. అంటే దాదాపు ఆశ వదులుకున్నట్టే. సెప్టెంబర్‌లో వీళ్ళు బాగా ఆడారు, నిజమే, కానీ బ్రేవ్స్ పూర్తిగా చతికిలపడకపోతే ఆ ఆట ఎందుకూ కొరగాదు. ఆఖరి రోజు సెప్టెంబర్ 28న బ్రేవ్స్‌ని 13 ఇన్నింగ్స్ (మామూలుగా తొమ్మిదే) ఆడించి ఓడించింది ఎవరనుకున్నారు? ఫిలడెల్ఫియా ఫిలీస్. అప్పటికే లీగ్‌లో అందరికంటే పైన ఉండి, గెలిచినా ఓడినా ఒరిగేదేమీ లేని జట్టు. ఆ గెలుపుతో కార్డినల్స్‌ని ప్లేఆఫ్స్‌లోకి లాక్కొచ్చారు. తర్వాత మొదటి సిరీస్‌లో వాళ్ళకి ఎదురైంది అదే కార్డినల్స్! 102 గేములు గెలిచిన ఫిలీస్, 90 గెలిచిన కార్డినల్స్ చేతిలో 3-2తో ఇంటికెళ్ళిపోయారు. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. ఆ సిరీస్ నాలుగో గేమ్‌లో పిచ్చర్ బంతి వేస్తుండగా ఒక ఉడుత హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) ముందు నుంచి పరిగెత్తింది. ఊరంతా ఆ ఉడుత బొమ్మలు, టీ షర్టులు. నైపుణ్యం మీద అంత నమ్మకమున్న మా పెద్దాయన కూడా ఒక ఉడుత బొమ్మ కొని టీవీ మీద పెట్టారు. అడిగితే మనవరాలి కోసం అన్నారు.

వరల్డ్ సిరీస్‌లో, అంటే ఏడు గేముల ఫైనల్లో, కార్డినల్స్‌కి ప్రత్యర్థి టెక్సాస్ రేంజర్స్, 96 గెలుపుల జట్టు. ఐదు గేములయ్యేసరికి రేంజర్స్ 3-2తో ముందున్నారు. ఆరో గేమ్ అక్టోబర్ 26న జరగాలి. వాన వస్తుందని ఒక రోజు వాయిదా వేశారు. ఈ వాయిదా సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

27 రాత్రి ఆయన హాల్లో కూర్చున్నాం. ఛాంపియన్‌షిప్ గెలవబోయే జట్టు అలా ఆడుతుందని ఎవరూ అనుకోరు. నాలుగో ఇన్నింగ్స్‌లో కార్డినల్స్ ఒక క్యాచ్ వదిలేశారు. ఐదో ఇన్నింగ్స్‌లో థర్డ్ బేస్ (రన్ కోసం బ్యాటర్ చుట్టి రావాల్సిన మజిలీల్లో మూడోది) దగ్గరున్న డేవిడ్ ఫ్రీస్ నెత్తి మీదకి నేరుగా దిగుతున్న బంతిని నేలపాలు చేశాడు, అది కూడా ఒక రన్‌కి దారితీసింది. ఆరో దాంట్లో మాట్ హాలిడే థర్డ్ బేస్ వదిలి ఏమరుపాటున నిలబడి ఔటయ్యాడు. పెద్దాయన పెన్సిల్ విసిరేశారు. ఏడో ఇన్నింగ్స్‌లో టెక్సాస్ తరఫున బెల్ట్రే ఒకటి, వెంటనే క్రూజ్ ఒకటి, వరుసగా రెండు హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ల లాంటివి). 7-4. ఎనిమిదిలో కార్డినల్స్‌కి ఒక రన్ వచ్చింది.

తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగం. 7-5. ఇద్దరు ఔట్ (మూడో ఔట్‌తో ఇన్నింగ్స్ అయిపోతుంది), బేసుల మీద ఇద్దరున్నారు, బ్యాటింగ్‌కి క్యాచ్ వదిలేసిన ఆ ఫ్రీసే. రెండు స్ట్రైకులు పడ్డాయి. మూడోది పడితే బ్యాటర్ ఔట్, టెక్సాస్‌కి వాళ్ళ చరిత్రలో మొదటి ఛాంపియన్‌షిప్. టెక్సాస్ పిచ్చర్ నెఫ్తాలీ ఫెలిజ్ గంటకి వంద మైళ్ళకి దగ్గరి వేగంతో వేశాడు. ఫ్రీస్ దాన్ని కుడివైపుకి లేపాడు. రైట్ ఫీల్డర్ క్రూజ్ వెనక్కి పరిగెత్తి గోడ దగ్గర చెయ్యి చాపాడు. బంతి గ్లోవ్‌కి అందకుండా గోడకి కొట్టుకుంది. బేసుల మీదున్న ఇద్దరూ రన్ చేశారు, 7-7.

మా పెద్దాయన లేచి నిలబడి, ఊపిరి తీసుకోకుండానే పాఠం మొదలుపెట్టారు. "చూశావా? అంత వేగంగా వచ్చే బంతిని తన వైపుకి లాక్కోకుండా వచ్చిన దారినే అవతలికి పంపాడు. అది నేర్చుకుంటే వచ్చే విద్య."

"క్రూజ్ నాలుగడుగులు వెనక నిలబడి ఉంటే ఇదే దెబ్బకి ఆట అయిపోయేది కదండీ" అన్నాను.

"నిలబడలేదు కదా!"

"నేననేదీ అదే."

ఆయన సమాధానం చెప్పలేదు, పెన్సిల్ వెతుక్కున్నారు.

పదో ఇన్నింగ్స్‌లో టెక్సాస్ ఆటగాడు జాష్ హామిల్టన్ రెండు రన్ల హోమ్ రన్ కొట్టాడు, 9-7. కార్డినల్స్ బెంచీ మీద బ్యాటర్లు అయిపోయి, బంట్ చేయడానికి (బంతిని మెల్లగా తట్టి దగ్గర్లోనే పడేయడానికి) కైల్ లోష్ అనే పిచ్చర్‌ని పంపాల్సి వచ్చింది. అయినా ఒక రన్ రాబట్టారు. ఇద్దరు ఔట్, లాన్స్ బెర్క్‌మన్ మీద రెండు స్ట్రైకులు. మళ్ళీ ఒక్క స్ట్రైక్ దూరం. ఈసారి బంతి సెంటర్ ఫీల్డ్‌లో ఖాళీ చోట పడింది. 9-9. పదకొండో ఇన్నింగ్స్ మొదటి బ్యాటర్‌గా ఫ్రీస్ వచ్చి హోమ్ రన్ కొట్టేశాడు. 10-9. కింద వీధిలో కార్ల హారన్లు తెల్లవారుజాము దాకా ఆగలేదు.

ఇప్పుడు వాన దగ్గరికి వద్దాం. కార్డినల్స్ మేటి పిచ్చర్ క్రిస్ కార్పెంటర్. 24న ఐదో గేమ్ వేశాడు. వాయిదా లేకపోతే ఏడో గేమ్ 27న, అంటే అతనికి రెండు రోజుల విశ్రాంతి. ఆ పరిస్థితిలో స్టార్టింగ్ పిచ్చర్‌ని (ఆట మొదలుపెట్టేవాణ్ణి) మళ్ళీ దించడానికి ఏ మేనేజరూ సాహసించడు. వాయిదా పడింది కాబట్టి ఏడో గేమ్ 28కి జరిగింది, మూడు రోజుల విశ్రాంతి దొరికింది, కార్పెంటర్ దిగాడు, 6-2తో కప్పు వచ్చింది. ఇది ఎవరి నైపుణ్యం, మబ్బులదా?

ఈ సంగతి అంటే పెద్దాయన ఒక్క మాటతో కొట్టిపారేశారు: "వాన రెండు జట్లకీ ఒకటే." మంచి మాటే, కానీ తప్పు మాట. వాయిదా రెండు జట్లకీ ఒకటే, దానివల్ల కలిసొచ్చింది మాత్రం ఒకరికే. బేస్‌బాల్‌లో అదృష్టం ఇలాగే పనిచేస్తుంది. ఎవరికీ అన్యాయం జరిగినట్టు కనిపించదు.

అయితే ఆ జట్టుకి చేతకాదని నేను అనడం లేదు. చేతకాని జట్టుకి అదృష్టం పట్టినా ఉపయోగం లేదు. 2024లో షికాగో వైట్ సాక్స్ 121 గేములు ఓడారు, వాళ్ళకోసం ఎన్ని ఉడుతలు పరిగెత్తినా ప్లేఆఫ్స్ ముఖం చూసేవాళ్ళు కాదు. నైపుణ్యం అక్టోబర్ గుమ్మం దాకా తీసుకొస్తుంది. అక్కడికి చేరినవాళ్ళంతా ఇంచుమించు సమానమైన వాళ్ళే. ఆ సమానుల మధ్య తేడా తేల్చడానికి ఐదు గేములు, ఏడు గేములు ఏ మూలకీ చాలవు.

ఈ ఆట కట్టుబడే అలాంటిది. బాస్కెట్‌బాల్‌లో జట్టులో గొప్పవాడు ఎవడో బంతి ప్రతిసారీ వాడి చేతికే ఇవ్వొచ్చు. 2015-16లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ 82లో 73 గెలిచారు. (ఫైనల్లో ఓడారనుకోండి, అది వేరే గొడవ.) బేస్‌బాల్‌లో ఎంత మొనగాడైనా తొమ్మిదిమందిలో తన వంతు వచ్చేదాకా కూర్చోవాల్సిందే. ఆఖరి ఇన్నింగ్స్‌లో వంతు ఎనిమిదో నంబర్ వాడిదైతే వాడే ఆడాలి. గొప్ప స్టార్టింగ్ పిచ్చర్ ఐదు రోజులకోసారి కనిపిస్తాడు. పదిసార్లు బ్యాటింగ్‌కి వచ్చి మూడుసార్లు హిట్ కొట్టేవాణ్ణి గొప్ప బ్యాటర్ అంటారు, అంటే గొప్పవాడు కూడా ఏడుసార్లు విఫలమవుతాడు. అందుకే ఒక సీజన్లో అత్యధిక గెలుపుల రికార్డే 116, ఇప్పటి 162 గేముల లెక్కన 72 శాతానికి కూడా చేరదు. ఆ రికార్డు రెండు జట్లది: 1906 షికాగో కబ్స్, 2001 సియాటెల్ మెరినర్స్. (1906లో సీజన్ ఇంకా చిన్నది లెండి.) ఆ ఏడాది కప్పు గెలిచారా? ఇద్దరూ గెలవలేదు. సియాటెల్ వాళ్ళు వరల్డ్ సిరీస్ దాకా కూడా రాలేదు.

క్రికెట్ చూసేవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. 2023 ప్రపంచ కప్‌లో వరుసగా పది మ్యాచ్‌లు గెలిచి పదకొండోది ఓడితే మన గుండె ఎలా ఉందో మనకి తెలుసు. తేడా ఏమిటంటే, మనం ఆ ఒక్క రోజునే తిట్టుకున్నాం. బేస్‌బాల్ లోకంలో మాత్రం ఓడినవాళ్ళ గుండెధైర్యం మీద తీర్పులు చెబుతారు.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఆట అయిపోయిన మర్నాడు టీవీలో కూర్చున్న పెద్దమనుషులు "వీళ్ళలో గెలవాలన్న తపన ఎక్కువ" అంటారు. క్రూజ్‌కి తపన లేదా? ఫెలిజ్ సరదాకి వేశాడా? బంతి ఇంకాస్త తక్కువ దూరం వెళ్ళి గ్లోవ్‌లో పడి ఉంటే అదే పెద్దమనుషులు అదే గొంతుతో టెక్సాస్ తపన గురించి మాట్లాడేవాళ్ళు, ఫ్రీస్ వదిలేసిన క్యాచ్‌ని ఏళ్ళ తరబడి తిప్పి తిప్పి చూపించేవాళ్ళు. ఇప్పుడు ఆ క్యాచ్ ఎవరికీ గుర్తు లేదు, అతను ఆ సిరీస్ ఎంవీపీ, అంటే మేటి ఆటగాడు. 1960లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ గెలిచిన వరల్డ్ సిరీస్ చూడండి. ఏడు గేముల్లో యాంకీస్ 55 రన్లు చేశారు, పైరేట్స్ 27. యాంకీస్ గెలిచిన మూడూ 16-3, 10-0, 12-0. ఏడో గేమ్‌లో నేల మీద దొర్లుతూ వచ్చిన ఒక మామూలు బంతి ఏదో తగిలి ఎగిరి యాంకీస్ ఫీల్డర్ కూబెక్ గొంతుకి కొట్టుకుంది, అక్కణ్ణుంచి ఆట మలుపు తిరిగింది. ఆఖరికి మజెరోస్కీ హోమ్ రన్‌తో పైరేట్స్ గెలిచారు. తపన గురించి మాట్లాడేవాళ్ళు ఆ నేల గురించి కూడా రెండు మాటలు చెబితే బాగుండును.

రేంజర్స్ కథకి కొసమెరుపు ఉంది. 2011లో 96 గెలిచి, ఒక్క స్ట్రైక్ దూరం దాకా రెండుసార్లు వెళ్ళి కప్పు పోగొట్టుకున్న సంస్థ 2023లో 90 మాత్రమే గెలిచి, డివిజన్ కూడా దక్కక వైల్డ్ కార్డ్‌తో లోపలికి వచ్చి కప్పు ఎత్తుకెళ్ళింది. ఆ ప్లేఆఫ్స్‌లో బయటి మైదానాల్లో ఆడిన పదకొండు గేములూ గెలిచారు. ఫైనల్లో వాళ్ళకి ఎదురైంది 84 గెలుపుల అరిజోనా. అదే ఏడాది బ్రేవ్స్ 104, ఓరియోల్స్ 101, డాడ్జర్స్ 100 గెలిచారు. ఈ మూడు జట్లూ కలిసి అక్టోబర్‌లో గెలిచిన గేములు ఎన్నో తెలుసా? ఒకటి.

దీనికి కూడా ఒక సిద్ధాంతం తయారుచేశారు: మొదటి రౌండ్ నుంచి మినహాయింపు ఇచ్చి ఐదు రోజులు సెలవిచ్చారు కాబట్టి పెద్ద జట్లు తుప్పు పట్టాయట! సిద్ధాంతం అవసరమే లేదు. 1968 వరకు రెండు లీగుల్లో మొదటి స్థానం వచ్చినవాళ్ళు నేరుగా వరల్డ్ సిరీస్ ఆడేవాళ్ళు, ఇంకెవరికీ చోటు లేదు. 1969లో ఇంకో రౌండ్ చేర్చారు, 1995 నుంచి వైల్డ్ కార్డ్ వచ్చింది, 2022 నుంచి పన్నెండు జట్లని లోపలికి రానిస్తున్నారు. జట్లు పెరిగేకొద్దీ టీవీ వాళ్ళకి గేములు ఎక్కువ, అభిమానులకి సెప్టెంబర్ దాకా ఆశ. మంచి జట్టు గెలవడం ఎవరి ఉద్దేశమూ కాదు. ఆరు నెలలు రోజూ ఆడించి, దాని ఫలితాన్ని మూడు గేముల వైల్డ్ కార్డ్ సిరీస్‌కి అప్పగించడం నా దృష్టిలో దండగ పని. అయినా ప్రతి అక్టోబర్‌లోనూ నిద్ర మానుకుని చూస్తూనే ఉన్నాను.

సరే, డాడ్జర్స్. ఒక చిన్న లెక్క వేద్దాం. మీ జట్టు అందరికంటే మెరుగైనది, ఏ ప్లేఆఫ్ జట్టుతో ఆడినా గేముకి 55 శాతం గెలిచే అవకాశం ఉంది అనుకోండి. మంచి జట్లతోనే ఆడాలి కాబట్టి ఇది తక్కువేం కాదు. అప్పుడు ఐదు గేముల సిరీస్ గెలిచే అవకాశం సుమారు 59 శాతం, ఏడు గేములదైతే 61. ఒక ఐదు గేముల సిరీస్, రెండు ఏడు గేముల సిరీస్‌లు వరుసగా గెలవాలంటే 22 శాతం. అంతే. అందరికంటే మెరుగైన జట్టుకే ఐదింట ఒకసారి కంటే కాస్త ఎక్కువ.

డాడ్జర్స్ 2013 నుంచి 2025 వరకు పదమూడేళ్ళూ ప్లేఆఫ్స్‌లో ఉన్నారు. పదమూడుని 22 శాతంతో గుణిస్తే మూడుకి ఒక పిసరు తక్కువ. వాళ్ళు గెలిచినవి 2020, 2024, 2025. మూడు! ఇంతకంటే రుజువు ఏం కావాలి? 111 గేములు గెలిచిన 2022లో, తమకంటే 22 గేములు వెనకున్న శాన్ డియేగో పాడ్రెస్ చేతిలో మొదటి సిరీస్‌లోనే ఓడారు. 93 మాత్రమే గెలిచిన 2025లో కప్పు గెలిచారు. నైపుణ్యమే నిర్ణయిస్తే ఇది తిరగబడి ఉండాలి.

అట్లాంటా బ్రేవ్స్ లెక్క మాత్రం ఏడిపిస్తుంది. 1991 నుంచి 2005 వరకు, సమ్మెతో ఆగిపోయిన 1994 తప్పిస్తే, ప్రతి ఏడాదీ డివిజన్ వాళ్ళదే. పద్నాలుగు టైటిళ్ళు. మాడక్స్, గ్లావిన్, స్మోల్ట్జ్ లాంటి ముగ్గురు హాల్ ఆఫ్ ఫేమ్ (ఆటలో గొప్పవాళ్ళకి దక్కే శాశ్వత గౌరవం) పిచ్చర్లు ఒకే జట్టులో పదేళ్ళు వేశారు. వచ్చిన కప్పు ఒక్కటి, 1995లో. వాళ్ళని అక్టోబర్‌లో చేతులెత్తేసే జట్టు అని ఎగతాళి చేసిన వాళ్ళు ఇప్పుడు డాడ్జర్స్‌ని రాజవంశం అని పొగుడుతున్నారు. అదే 22 శాతం లెక్కన బ్రేవ్స్‌కి న్యాయంగా రావాల్సినవి మూడు, వచ్చింది ఒకటి. తేడా అంతా దురదృష్టమే, నేను ఇంకో కారణం వినదలచుకోలేదు.

2025 వరల్డ్ సిరీస్ చూసినవాళ్ళు నాతో వాదించరనుకుంటాను. టొరాంటోలో ఆరో గేమ్, తొమ్మిదో ఇన్నింగ్స్, డాడ్జర్స్ 3-1 ముందున్నారు, టొరాంటో జట్టు బ్లూ జేస్ రన్నర్ ఫస్ట్ బేస్ మీద. ఆడిసన్ బార్జర్ లెఫ్ట్ సెంటర్‌లోకి లాగి కొట్టాడు. మామూలుగా అయితే ఆ రన్నర్ రన్ చేసినట్టే. బంతి వెళ్ళి గోడ అడుగున మెత్త కింద ఇరుక్కుంది! రూల్ ప్రకారం ఆట ఆగింది, రన్నర్ థర్డ్ దగ్గర నిలిచిపోయాడు. ఒకరు ఔటయ్యాక కీకే హెర్నాండెజ్ ముందుకి పరిగెత్తి క్యాచ్ పట్టి, సెకండ్ బేస్‌కి విసిరి డబుల్ ప్లే చేశాడు, అంటే ఒకే బంతికి ఇద్దరు ఔట్. ఆ క్యాచ్, ఆ విసురు అచ్చమైన నైపుణ్యం, కాదనను. కానీ గోడ కింద బంతి ఇరికించడం ఎవరూ ప్రాక్టీస్ చేయరు. ఏడో గేమ్‌లోనూ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇంకో ఇద్దరు ఔటయితే డాడ్జర్స్ ఓడిపోయే పరిస్థితిలో, పవర్ హిట్టర్ అని ఎవరూ అనని మిగెల్ రోహాస్ హోమ్ రన్ కొట్టి సమం చేశాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో విల్ స్మిత్ కొట్టిన హోమ్ రన్‌తో 5-4. ముందు రోజే 96 బంతులు వేసిన యమమోటో మర్నాడు కూడా వచ్చి ఆట ముగించాడు. అతని విషయంలో నా ముప్పావు లెక్క పనిచేయదు, అది పూర్తిగా మనిషి గొప్పతనమే.

మీరు అడగబోయే రెండో ప్రశ్న నాకు తెలుసు: వచ్చే ఏడాది ఎవరు? ఏదో ఒక్క జట్టు పేరు చెప్పమంటే డాడ్జర్స్ అంటాను. డాడ్జర్సా, మిగతా ఇరవై తొమ్మిది జట్లా అని పందెం పెడితే మాత్రం కళ్ళు మూసుకుని ఆ ఇరవై తొమ్మిదీ తీసుకుంటాను.